రుచి చూడనివాడికి బెల్లం లేదు

వైన్ షాపు అనే బోర్డు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. వైన్ అంటే ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసేది గదా! మన ఊళ్ళ వైన్ షాపుల్లో బ్రాందీ, విస్కీ, బీరు వరసగా ఉంటాయి గానీ, అసలు వైను అడిగేవాళ్ళూ తక్కువే, ఇచ్చేవాళ్ళూ తక్కువే. నేతిబీరకాయలో నెయ్యెంతో వైన్ షాపులో వైనూ అంతే.

బెంగుళూరులో ఉంటున్న మా ఆడపడుచు కూతురు ఈమధ్య వచ్చి ఒక వింత చెప్పింది. నంది కొండల దిగువన, దొడ్డబళ్ళాపురం దగ్గర ద్రాక్షతోటలున్నాయి. అక్కడ వైను చేసేవాళ్ళు వచ్చినవాళ్ళకు తోట చూపించి, గ్లాసులో రెండు గుక్కలు మాత్రం పోసి రుచి చూపిస్తారట. గటగటా తాగెయ్యకూడదు. ముందు రంగు చూడాలి, గ్లాసు గుండ్రంగా తిప్పి వాసన చూడాలి, ఆ తర్వాత నాలుక మీద కాసేపు నిలపాలి. విదేశాల్లో అయితే పేటల్లో చిన్న చిన్న అంగళ్ళుంటాయనీ, అంగడాయన వచ్చేవాళ్ళ నాలుక ఎరిగి, రుచి చూపించి మరీ అమ్ముతాడనీ, బాగా తెలిసినవాళ్ళు రుచి చూసి ఉమ్మేస్తారనీ చెప్పింది.

"ఉమ్మేసేదానికి అంత డబ్బు పోసి కొనేది ఎందుకే?" అన్నారు మా అత్తగారు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ పేట అంగడి ఎప్పుడో చూసినట్టే అనిపించింది. అవును, చూశాను. కలకడలో చూశాను. కాకపోతే అక్కడ అమ్మేది బెల్లం.

కలకడ మా అమ్మమ్మగారి ఊరు. పీలేరు నుంచి రాయచోటి పోయే దారిలో ఉంటుంది. వేసవి సెలవులన్నీ అక్కడే గడిచేవి. మా వీధి మలుపులో ఒక చిన్న అంగడి. నడిపేది ఒక ముసలామె. అందరికీ ఆమె "అంగడవ్వ". ఆమెకు అసలు పేరొకటి ఉంటుందన్న సంగతే మాకు తోచేది కాదు. గడప పక్కనే ఒక సత్తు పళ్ళెంలో చితక్కొట్టిన బెల్లం ముక్కలు పెట్టి, పైన గుడ్డ కప్పి ఉంచేది. ఎవరొచ్చినా ముందు ఒక ముక్క చేతిలో పెట్టాల్సిందే.

"నోట్లో ఏసుకోమ్మే. నమలొద్దు. నాలిక మింద పెట్టుకోని ఉండు" అనేది.

ఇప్పుడు తలచుకుంటే అదొక శాస్త్రమే. చవుడు నేలలో, ఉప్పునీళ్ళతో పెరిగిన చెరుకు బెల్లం నాలుక చివర తియ్యగా తగిలి, వెనకాల ఉప్పగా జారుతుంది. ఆ బెల్లంతో అరిసెల పాకం పట్టబోతే ఇల్లాలి గతి అధోగతి. రంగు చూసి మోసపోకూడదు. హైడ్రోస్ పొడి వేసి వండితే బెల్లం బంగారంలా మెరుస్తుంది. "తెల్లగా ఉండేది పెండ్లికూతురికి చాలు, బెల్లానికెందుకు?" అనేది అంగడవ్వ. ఈ మాట చామనచాయగా ఉండే నా ముందు అన్నందుకు నాకు కోపమొచ్చేది, అది వేరే సంగతి.

రుచి చూడడం బెల్లంతో అయ్యేది కాదు. చెనక్కాయ విత్తనాలు నాలుగు నమలాలి, అందులో ఒక్కటి చేదుగా తగిలినా బస్తా వెనక్కి పోయేది. నెయ్యి మణికట్టు మీద రాసి వాసన చూడాలి. బియ్యపు గింజ పంటికింద కటుక్కుమంటే పాతవి. కొనేవాళ్ళు రుచి చూస్తుంటే అంగడవ్వ వాళ్ళ మొహం చూసేది. ఎవరింట్లో అనపకాయల పులుసులో కారమెక్కువ, ఎవరి కోడలు నెల తప్పింది, ఎవరింట్లో రెండు రోజులుగా సంకటి మాత్రమే కెలుకుతున్నారు, అన్నీ ఆ గడప దగ్గరే తెలిసిపోయేవి ఆమెకు.

అప్పు పుస్తకం కూడా ఉండేది. అందులో లెక్కలు మగవాళ్ళ పేర్ల మీద ఉండేవి కావు. "నీ మొగుడి పేరు రాస్తే, వాడు నా ఎదురుగా ఉండే అంగట్లో తీర్చేస్తాడు అప్పు" అనేది. ఎదురుగా ఉండే అంగడి అంటే ఏదో చెప్పాలా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఊరూరా వినిపించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా పోయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. నేను చెప్పబోయేది ఆ నిషేధం నడిమి రోజుల సంగతి. నేనప్పుడు హైస్కూలు పిల్లని.

అంగడిలో మందు లేకపోతే ఏం, గుట్టల్లో బట్టీలు పెట్టారు. నాటుసారాకు నల్లబెల్లం కావాలి. దాన్ని నీళ్ళలో పులియబెట్టి, ఆ ఊటను కాస్తారు. చిత్తూరు జిల్లా అంటే బెల్లానికి పెట్టింది పేరాయె! ఒక సాయంత్రం నేను ఉప్పుకోసం వెళ్ళి నిలబడి ఉండగా, తువ్వాలు తలకు చుట్టుకున్న మనిషొకడు వచ్చాడు.

"అవ్వా, నల్లబెల్లం యాభై కిలోలు కావల్ల. రేటు ఎంతైనా సరే."

అంగడవ్వ మాట్లాడకుండా పళ్ళెంలోంచి ముక్క తీసి ఇచ్చింది. "రుచి చూడు నాయనా."

"రుచితో నాకేం పని? బండి బయట ఉండాది."

"రుచి చూడనోడికి నేను బెల్లం అమ్మేది లే" అనేసి, నా ఉప్పు తూకం వేసింది.

అతడు వందనోట్లు లెక్కపెట్టి గడప మీద పెట్టాడు. నెలంతా కూర్చున్నా ఆమెకు అంత బేరం జరగదు. ఆ నోట్ల వంక ఆమె చూసిన చూపు నాకు ఇంకా గుర్తే. ఇంటి పైకప్పు వానకు కారుతున్న రోజులవి. ఆమె నోట్లను వేళ్ళతో తోసేసి, "ఇదే బెల్లం రేపు మా వీధి ఆడబిడ్డల వీపు మింద వాతలై తేలుతుంది, నాకొద్దు" అంది. గట్టిగా కూడా అనలేదు. అతడు ఇంకో అంగడి వెతుక్కుని ఉంటాడు, బట్టీ ఆగి ఉండదు. ఆమె పైకప్పు మాత్రం ఆ ఏడాది కూడా కారుతూనే ఉంది.

అంగడవ్వ పోయి చాలా ఏళ్ళయింది. మద్యం అంగళ్ళు ప్రైవేటు చేతుల్లోంచి 2019లో ప్రభుత్వం చేతుల్లోకి వచ్చాయి, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళాయి. ఇటు కిరాణా అంతా ప్యాకెట్లలోకి ఎక్కింది. తయారైన తేదీ ఉంటుంది, ధర ఉంటుంది, కొనే మనిషి మొహం చూసేవాళ్ళు మాత్రం ఉండరు. సూపర్ మార్కెట్లో బుట్ట నింపుకుని బయటికొచ్చేలోపు నాతో మాట్లాడేది ఆ బిల్లు మిషను ఒక్కటే, అదీ కీచుమంటూ.

పోయిన సంక్రాంతికి కలకడ వెళ్తే, ఆ అంగట్లో అంగడవ్వ కోడలు కూర్చుని ఉంది. ప్యాకెట్ల మధ్య అదే సత్తు పళ్ళెం! అమ్మేందుకు తెచ్చిన ప్యాకెట్టే ఒకటి విప్పి ముక్కలు చేసి పెట్టింది. "నష్టం కదమ్మా?" అన్నాను. "ఒక ప్యాకెట్టే గదక్కా! ఇది లేకుంటే ఆడోళ్ళు గడప దగ్గర నిలబడరు. నిలబడకుంటే ఎవరింట్లో ఏముందో నాకెట్ల తెలుస్తుంది?" అంది.

నేను రెండు కిలోలు కొన్నాను. ఆ ఏడు మా ఇంట అరిసెలు ఎంత బాగా కుదిరాయో మా అత్తగారినే అడగండి. ఒక్క ముక్కా ఉమ్మెయ్యలేదావిడ!