ఓడిపోవడమూ ఓ విద్యే!

1987 మార్చి 29. అమెరికాలోని మిషిగాన్ రాష్ట్రం, పాంటియాక్ పట్టణం. అక్కడి సిల్వర్‌డోమ్ స్టేడియం జనంతో కిక్కిరిసిపోయింది. మధ్యలో ఎక్కడో అగ్గిపెట్టెంత రింగు. లోపలి గదుల నుంచి అక్కడిదాకా నడిస్తే సగం ఆయాసం దారిలోనే వచ్చేస్తుంది. అందుకే వస్తాదుల్ని చిన్న మోటారు బండ్ల మీద ఊరేగిస్తూ తీసుకొచ్చారు. అరిథా ఫ్రాంక్లిన్ పాట పాడింది. ఇక మొదలు... పన్నెండు కుస్తీలు!

అదే రెజిల్‌మేనియా-3. అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్, 2002 నుంచి డబ్ల్యూడబ్ల్యూఈగా మారిన సంస్థ నిర్వహించిన కార్యక్రమం. ఆ రోజు అక్కడ 93,173 మంది ఉన్నారని సంస్థ ప్రకటించుకుంది. కాదు, 78 వేలేనని రెజ్లింగ్ విలేకరి డేవ్ మెల్ట్‌జర్ రాశాడు. జనం లెక్కలోనే వాస్తవమెంతో నాటకమెంతో తేలని వ్యవహారం ఇది!

మన దగ్గర 1990లలో కేబుల్ టీవీ వచ్చిన ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఈ లోకం బాగా పరిచయం. బడి సంచిలో పుస్తకాలతోపాటు రెజ్లర్ల ట్రంప్ కార్డులూ ఉండేవి. ఎత్తు ఎంత, బరువు ఎంత, ఛాతీ ఎంత అంటూ పందేలు నడిచేవి. హాల్లో టీవీ ముందు పిల్లలు కేకలు పెడుతుంటే, పేపరు చదువుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే ఒక్క మాట అనేసేవాడు. ‘అదంతా ఉత్తుత్తి కొట్లాటరా!’

పెద్దాయన చెప్పింది నిజమే. ఇది పోటీ కాదు, వినోద ప్రదర్శన అని 1989 ఫిబ్రవరిలో ఆ సంస్థే న్యూజెర్సీ చట్టసభ ముందు ఒప్పుకుంది. క్రీడలకుండే నియంత్రణలు, పన్నుల బాధ తప్పించుకోవడానికి!

మరి గెలిచేదెవరో ముందే తేలిపోయాక చూడటానికి ఏం మిగిలింది? మన తోలుబొమ్మలాటలో రావణుడు చస్తాడని ఎవరికి తెలియదు? అయినా తెల్లవార్లూ కూర్చునేవారు. బొమ్మ ఎలా పడుతుందో చూడటానికే! రెజిల్‌మేనియా-3ని ఇప్పుడు మళ్లీ చూస్తే తెలిసే సంగతీ అదే. గెలిచేవాడు చేతులెత్తి నిలబడితే చాలు. ఓడేవాడికే పనెక్కువ.

గంట మోగింది

మొదటి కుస్తీలో రిక్ మార్టెల్, టామ్ జెంక్ జోడీ ఒకవైపు. బాబ్ ఆర్టన్, డాన్ మురాకో మరోవైపు. ఈ ఆర్టన్ ఎవరో కాదు, తర్వాతి తరం పిల్లలు వెర్రిగా అభిమానించిన ర్యాండీ ఆర్టన్ తండ్రి. అటు ఇద్దరూ అందగాళ్లు, చలాకీ కుర్రాళ్లు. ఇటు ఇద్దరూ తలపండినవాళ్లు. కుర్రాళ్లు ఎగిరి తన్నిన ప్రతిసారీ పెద్దవాళ్లు సరిగ్గా పడాల్సిన చోట పడ్డారు. ఆరు నిమిషాల్లోపే ఓడిపోయారు. జనం కుర్రాళ్లకి చప్పట్లు కొట్టారు. కానీ ఆ చప్పట్లు పుట్టించింది పడినవాళ్లే!

రెండోది బిల్లీ జాక్ హేన్స్, హెర్క్యులిస్‌ల బలప్రదర్శన. వెనక నుంచి చంకల కింద చేతులు దూర్చి మెడ మీద బిగించే పట్టు ఇద్దరికీ ఇష్టమే. పెనుగులాడుతూ ఇద్దరూ రింగు బయట పడ్డారు. లోపలికి వచ్చేలోపు రిఫరీ పది లెక్కపెట్టేశాడు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఆ తర్వాత హెర్క్యులిస్ గొలుసుతో బాదితే హేన్స్ ముఖం నెత్తురోడింది. ఫలితం తేలలేదు గానీ దెబ్బలు మాత్రం తేలాయి.

మూడోది చూడటం ఇప్పుడు కాస్త కష్టమే. దాదాపు రెండొందల కిలోల కింగ్‌కాంగ్ బండీ, భారీకాయుడు హిల్‌బిల్లీ జిమ్. వాళ్లతోపాటు చెరో వైపూ ఇద్దరేసి మరుగుజ్జు వస్తాదులు. నవ్వించడానికి పెట్టిన కుస్తీ. లిటిల్ బీవర్ అనే మరుగుజ్జు వస్తాదు బండీని అటూ ఇటూ ఉడికించాడు. బండీకి చిర్రెత్తి, అతణ్ని ఎత్తి పడేసి పైన మోచేత్తో పడ్డాడు. నియమం తప్పినందుకు ఓడినట్టు ప్రకటించారు. అప్పుడో చిత్రం జరిగింది. బండీ పక్షాన ఆడిన మరుగుజ్జులిద్దరూ కూడా బీవర్‌కి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. నవ్వు కోసం రాసిన ఆటలో నవ్వురాని క్షణం అది.

రాజుగారికి దండం

నాలుగోది హార్లీ రేస్, జంక్‌యార్డ్ డాగ్‌ల మధ్య. రేస్ అప్పట్లో కిరీటం పెట్టుకుని ‘రాజు’నంటూ తిరిగేవాడు. ఓడినవాడు గెలిచినవాడి ముందు తలవంచాలన్నది షరతు. జంక్‌యార్డ్ డాగ్ నల్లజాతివాడు, జనం ప్రాణంగా చూసుకున్నవాడు. అతనే ఓడిపోయాడు. ఒక నల్లజాతి మనిషి ‘రాజు’గారికి వంగి దండం పెట్టాల్సిన సన్నివేశం... స్టేడియం ఊపిరి బిగబట్టింది. అతను ఎగతాళిగా కాస్త వంగాడు. మరుక్షణం కుర్చీతో రాజుగారిని ఒక్కటిచ్చి, ఆయన అంగవస్త్రం తను కప్పుకొని దర్జాగా వెళ్లిపోయాడు. రికార్డుల్లో ఓడింది అతనే. చూసినవాళ్లని అడిగితే మాత్రం మరో జవాబు చెబుతారు. 1998లో కూతురి గ్రాడ్యుయేషన్ వేడుకకు వెళ్లి తిరిగొస్తూ కారు ప్రమాదంలో అతను చనిపోయాడు.

ఐదోదానిలో గ్రెగ్ వాలెంటైన్, బ్రూటస్ బీఫ్‌కేక్ జోడీ గెలిచింది. రూజో సోదరులు ఓడారు. కానీ నిజంగా ఓడింది బీఫ్‌కేకే! గెలిచాక జోడీదారు అతణ్ని రింగులోనే వదిలేసి, సాయానికొచ్చిన డీనో బ్రావోని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. గెలిచి ఒంటరివాడైన మనిషి దిక్కుతోచక నిలబడితే చూసేవాళ్లకి జాలేసింది.

ఆ జాలి వృథా పోలేదు. ఆరో కుస్తీలో రాడీ పైపర్, ఏడ్రియన్ అడోనిస్ తలపడ్డారు. ఓడినవాడికి గుండు! సినిమాల్లోకి వెళ్లిపోతున్నా, ఇదే ఆఖరి పోటీ అని పైపర్ ముందే చెప్పాడు. అడోనిస్ మెడపట్టు బిగించాడు. పైపర్ వాలిపోయాడు. పని అయిపోయిందనుకుని అడోనిస్ పట్టు వదిలేసి సంబరంలో పడ్డాడు. అప్పుడు పరుగెత్తుకొచ్చాడు బీఫ్‌కేక్. పైపర్‌ని లేపి కూర్చోబెట్టాడు. తర్వాత పైపర్ అదే పట్టు పట్టి అడోనిస్‌ని పడుకోబెట్టాడు. అడోనిస్ జుట్టు మీద కత్తెర వేసింది బీఫ్‌కేకే. ఆ దెబ్బతో అతని పేరుకి ముందు ‘బార్బర్’ వచ్చి చేరింది. జనం ముందు జుట్టు పోగొట్టుకుని, అద్దంలో చూసుకుని గొల్లుమన్న అడోనిస్ నటన చూసి తీరాలి. పైపర్ రెండేళ్లకే తిరిగొచ్చాడు. అడోనిస్ మాత్రం 1988 జులైలో కెనడాలో రోడ్డు ప్రమాదానికి బలైపోయాడు.

దెబ్బ దాచుకున్నవాడు

ఏడో కుస్తీలో బ్రెట్ హార్ట్, జిమ్ నైడ్‌హార్ట్‌లతో చేరింది డానీ డేవిస్. కొన్నాళ్ల కిందటిదాకా రిఫరీ. కథ ప్రకారం లంచగొండి రిఫరీ! అవతల బ్రిటిష్ బుల్‌డాగ్స్, టీటో సాంటానా. అందరూ కలిసి డేవిస్‌ని చితక్కొడుతుంటే స్టేడియం ఊగిపోయింది. చివరికి మెగాఫోన్‌తో దొంగదెబ్బ కొట్టి గెలిచింది మాత్రం డేవిసే. ఈ గోలలో బుల్‌డాగ్స్‌లో ఒకడైన డైనమైట్ కిడ్‌ని గమనించండి. అంతకు మూడు నెలల ముందే అతని వెన్నుకు తీవ్రమైన దెబ్బ తగిలి ఆపరేషన్ జరిగింది. అయినా వచ్చాడు. ఎగిరాడు. పడ్డాడు. తర్వాతి కాలంలో చక్రాల కుర్చీకి అతుక్కుపోయాడు. ఉత్తుత్తి కొట్లాటలో నడుము మాత్రం ఉత్తుత్తిది కాదు కదా!

ఎనిమిదోది బుచ్ రీడ్, కోకో బి వేర్‌ల చిన్న కుస్తీ. భుజం మీద రంగురంగుల చిలకతో వచ్చే కోకో అంటే పిల్లలకు ముద్దు. నాలుగు నిమిషాల్లోపే రీడ్ మోసంతో గెలిచాడు. సినిమాలో పెద్ద పాటకు ముందొచ్చే హాస్య సన్నివేశం లాంటిది. పెద్ద పాట తర్వాతే ఉంది మరి.

తన ఓటమిని తనే రాసుకుని...

తొమ్మిదోది రికీ స్టీమ్‌బోట్, ర్యాండీ సావేజ్‌ల పోరు. ఇంటర్ కాంటినెంటల్ బెల్టు కోసం. అంతకు కొన్ని నెలల ముందు సావేజ్ రింగు గంటతో స్టీమ్‌బోట్ గొంతు నలగ్గొట్టాడన్నది కథ. మిగతా వస్తాదులు రింగులోకి దిగాక ఒకరి చెవిలో ఒకరు గొణుక్కుంటూ అప్పటికప్పుడు కుస్తీ నడిపిస్తారు. సావేజ్ అలా కాదు. ప్రతి అడుగూ ముందే కాగితం మీద రాసి, అంకెలు వేసి, స్టీమ్‌బోట్‌తో అప్పజెప్పించుకునేవాడు. పరీక్ష ముందు ఎక్కాలు అప్పజెప్పినట్టు!

ఫలితం దాదాపు పదిహేను నిమిషాల అద్భుతం. భుజాలు నేలకు ఆనడం, మూడు లెక్కపెట్టేలోపు లేవడం... మళ్లీ ఆనడం, మళ్లీ లేవడం. ప్రతిసారీ అయిపోయిందనే అనిపిస్తుంది. చివర్లో సావేజ్ మళ్లీ ఆ గంటే తీశాడు. స్టీమ్‌బోట్ పక్షాన ఉన్న జార్జ్ స్టీల్ అడ్డుపడ్డాడు. తేరుకున్న సావేజ్ ప్రత్యర్థిని ఎత్తబోతే, స్టీమ్‌బోట్ గాల్లోనే మెలిక తిరిగి అతణ్ని ఉండలా చుట్టేశాడు. ఒకటి, రెండు, మూడు! ఈ కుస్తీని ఇప్పటికీ గొప్పవాటిలో ఒకటిగా చెప్పుకుంటారు. దానికి లెక్కలేసి, వల్లెవేయించి, ప్రాణం పెట్టినవాడు మాత్రం అందులో ఓడిపోయాడు. తన ఓటమిని తనే అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడానికి ఎంత గుండె కావాలి!

పదోదానిలో జేక్ రాబర్ట్స్‌ని హాంకీటాంక్ మ్యాన్ తాళ్లు పట్టుకుని మోసగించి ఓడించాడు. జేక్ పక్షాన నిలబడింది డెట్రాయిట్‌లో పుట్టిన రాక్ గాయకుడు ఆలిస్ కూపర్. ఓడాక ఇద్దరూ కలిసి కొండచిలువను అవతలి మేనేజర్ మీదికి వదిలారు. జనం గెలిచినవాణ్ని మరిచిపోయి పామును చూసుకుని మురిసిపోయారు.

పదకొండోదానిలో ‘రష్యన్’ నికొలాయ్ వోల్కాఫ్ సోవియట్ గీతం పాడబోతే జిమ్ డగ్గన్ అడ్డుకున్నాడు. అతని జోడీదారు ఇరాన్‌కు చెందిన ఐరన్ షేక్. అవతల కిల్లర్ బీస్. డగ్గన్ కర్రతో షేక్‌ని కొట్టడంతో, ఏ పాపం తెలియని బీస్ ఓడినట్టయింది. అసలు సంగతి... ఆ ‘రష్యన్’ యుగోస్లావియాలో పుట్టినవాడు. అమెరికాను తిట్టే ఆ షేక్ అమెరికా ఒలింపిక్ కుస్తీ జట్టుకు సహాయ శిక్షకుడిగా పనిచేసినవాడు. రెండు నెలలు తిరక్కుండానే డగ్గన్, షేక్ ఒకే కారులో కలిసి వెళ్తూ పోలీసులకు దొరికిపోయారు. పగవాళ్లు ఒకే బండిలోనా అంటూ అభిమానులు నోరెళ్లబెట్టారు!

ఆఖరి లెక్క

ఇక పన్నెండోది. హల్క్ హోగన్, ఆండ్రే ది జెయింట్. ఆండ్రేది ఫ్రాన్స్. శరీరంలో పెరుగుదల హార్మోన్ ఆగకుండా ఊరే జబ్బు వల్ల కొండలా పెరిగాడు. ఏడడుగుల నాలుగంగుళాలు, 520 పౌండ్లని సంస్థ చెప్పుకునేది. పదిహేనేళ్లుగా ఓటమి ఎరగడని, ఎవరూ ఎత్తలేదని ప్రచారం చేసింది. అదీ కథే. 1980లో ఇదే హోగన్ ఆయన్ని ఎత్తి పడేశాడు. కానీ ఆయన నొప్పి మాత్రం కథ కాదు. అంతకుముందు ఏడాదే వెన్నుకు ఆపరేషన్ అయింది. ఆ రోజు దుస్తుల లోపల నడుముకు పట్టీ బిగించుకుని వచ్చాడు. బండి మీద వస్తుంటే జనం చెత్త విసిరారు. నిన్నటిదాకా ముద్దుచేసిన మనిషి, స్నేహితుడికి ద్రోహం చేసినవాడి పాత్రలోకి మారాడు మరి!

మొదట్లోనే హోగన్ ఎత్తబోయి కూలిపోయాడు. ఆండ్రే పైన పడ్డాడు. రెండు... కాస్తలో తప్పింది. తర్వాత నిమిషాల తరబడి ఎలుగుబంటి కౌగిలి. నిజానికి అది నడవలేని మనిషికి దొరికిన విశ్రాంతి. ఆండ్రే మనసులో ఏముందో చివరిదాకా తెలియక భయపడ్డానని హోగన్ తర్వాతి ఏళ్లలో చెప్పుకున్నాడు. ఆయన ఒప్పుకోకపోతే ఆయన్ని కదిలించగలవాడు ఎవడు?

ఆయన ఒప్పుకున్నాడు. హోగన్ ఆయన్ని ఎత్తాడు. కాదు, ఎత్తనిచ్చాడు. స్టేడియం దద్దరిల్లింది. కాలు చాచి హోగన్ మీద పడటం, రిఫరీ చెయ్యి మూడుసార్లు నేలకు తగలడం... పన్నెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. ఆ ఒక్క ఫొటోతో హోగన్ ఇంటింటి పేరయ్యాడు. ఆండ్రే తల దించుకుని బండెక్కి వెళ్లిపోయాడు.

1993 జనవరిలో తండ్రి అంత్యక్రియల కోసం ఫ్రాన్స్ వెళ్లిన ఆండ్రే, ప్యారిస్ హోటల్ గదిలో నిద్రలోనే కన్నుమూశాడు. వయసు 46. ఆ ఏడాదే సంస్థ ‘హాల్ ఆఫ్ ఫేమ్’ మొదలుపెట్టింది. అందులో మొట్టమొదటి పేరు ఆయనదే. సావేజ్ 2011లో, పైపర్ 2015లో, డైనమైట్ కిడ్ 2018లో, హోగన్ 2025లో వెళ్లిపోయారు. సిల్వర్‌డోమ్‌ను 2017 డిసెంబరులో పేలుడు పదార్థాలతో కూల్చబోతే మొదటిరోజు కూలలేదు. మర్నాడు గానీ పడలేదు. అదీ తేలిగ్గా ఓడే రకం కాదు!

‘అదంతా ఉత్తుత్తి కొట్లాటరా’ అన్న పెద్దాయన మాటను ఇప్పుడు కాదనేవాళ్లు లేరు. కాకపోతే ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఇంట్లో చిన్నవాళ్లతో ఆడుతూ కావాలని ఓడిపోవడం నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ చివరి కుస్తీ చూస్తే వాళ్ల కళ్లు గెలిచినవాడి మీద నిలవవు. నడుము నొప్పిని పట్టీ కింద దాచుకుని, ఇంకొకరి భుజాల మీదికి నమ్మకంగా ఒరిగిన ఆ పెద్ద మనిషి మీదే నిలుస్తాయి.