రెండో పాచిక

విరాటుని కొలువులో పాండవులు గడిపిన ఏడాదంతా ఒకపక్క వారి నటన, మరొకపక్క దుర్యోధనుని చారుల వెదుకులాట సాగాయి. ఎవరి నేర్పు ఎక్కువో తేలవలసిన పోటీ అది. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రను ధరించి మాటలతో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలు ఇటువంటి పోటీని లెక్కల్లోకి దించాయి.

వాటిలో ప్రసిద్ధమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడింది. మరుసటి ఏడాది వచ్చిన అనుబంధ గ్రంథంలో దొంగ పాత్ర చేరింది. నీడలో దాగడం, చప్పుడు కాకుండా నడవడం అతని విద్యలు. నెగ్గే అవకాశం నూటికి ఇన్ని పాళ్లని ముందే నిర్ణయం. ఆ లెక్కంతా దొంగ నేర్పుదే. కాపలావాని చురుకుతనానికి అందులో చోటు లేదు. 2000లో వచ్చిన మూడవ కూర్పు ఆ చోటు కల్పించింది. దాగినవాడు 20 ముఖాల పాచిక వేసి తన నేర్పును కలుపుకుంటే, చూసేవాడూ వేసి తన చూపును కలుపుకుంటాడు. అబద్ధమాడేవాని మాటకారితనానికి, వినేవాని మనసెరిగే శక్తి ఎదురు నిలుస్తుంది. 2014 నాటి ఐదవ కూర్పులో, వెదకకుండా ఊరకే ఉన్న పాత్రకు సైతం 10 మీద తన నైపుణ్యం కలిపిన సహజ జాగరూకత ఉంటుంది.

రాజ్యం చేసే నిఘాలో ఈ రెండో పాచిక కనబడదు. తరతరాలుగా తెలుగు రైల్వే కుటుంబాలున్న ఖరగ్‌పూర్ పట్టణంలోని న్యూ సెటిల్‌మెంట్‌కు హిజ్లీ ఎంతో దూరం కాదు. అక్కడి శిబిరంలో బ్రిటిష్ ప్రభుత్వం రాజకీయ ఖైదీలను విచారణ లేకుండా నిర్బంధించింది. తనపై ఎవరు ఏమి చెప్పారో బందీ ప్రశ్నించే అవకాశమే లేదు. 1931 సెప్టెంబరు 16న కాపలాదారుల కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. 1951లో ఆ భవనంలోనే ఐఐటీ మొదలైంది. స్వతంత్ర భారతంలోనూ ముందస్తు నిర్బంధం పోలేదు. ఆ ఆట పుట్టిన 1974లోనే, మే నెల రైల్వే సమ్మె వేళ వేలాది కార్మికులు అరెస్టయ్యారు.

ఫోన్ ట్యాపింగ్‌కు 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు హద్దులు గీసింది. 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అయినా ట్యాపింగ్‌కు అనుమతించేది హోంశాఖ కార్యదర్శి. ఆ అనుమతిని సమీక్షించేది తోటి కార్యదర్శులు. న్యాయమూర్తికి అక్కడ ఆసనం లేదు, ఫోన్ యజమానికి కబురు రాదు. ఇది 1975 నాటి దొంగ లెక్క.

నేరగానికి ముందుగా కబురు పంపి నిఘా పెట్టడం సాధ్యం కాదన్న వాదనలో నిజముంది. ఆటలోనూ నిర్వాహకుడు కొన్ని పాచికలను తెరచాటున వేస్తాడు. అయితే అతడు ఇరుపక్షాల లెక్కా చూసే మధ్యవర్తి. రహస్యం తప్పనిసరి అయినచోట పౌరుని తరఫున ఆ రెండో పాచికను వేయవలసినవాడు న్యాయమూర్తి.