బుడమేటి వెంట కొల్లేటి దాకా

బెజవాడ వచ్చినవాళ్లు కొండమీద అమ్మవారిని, కిందనున్న ప్రకాశం బ్యారేజీని చూసి వెళ్లిపోతారు. వెలగలేరు చూసి రండి అని ఎవరూ చెప్పరు. నేను చెబుతున్నాను. మైలవరం కొండల నుంచి కొల్లేటి దాకా బుడమేరు పోయే దారి పట్టుకుని వెళ్తే, తక్కినవన్నీ మరిచిపోయినా ఆ ఊరి దగ్గరి రెగ్యులేటర్ మాత్రం మరుపు రాదు. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, కొండపల్లి మీదుగా సాగే రోడ్డు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బూడిద లారీల వెనక ఊపిరి బిగబట్టి ప్రయాణం చేయాలి, అంతే. మైలవరం పెసరట్టు మాత్రం ఆ దుమ్మంతా మరిపించేంత బాగుంటుంది.

రెగ్యులేటర్ మీద నిలబడి ఎగువకు చూస్తే బుడమేరు మామూలు వాగే. గట్ల మీద తుమ్మచెట్లు, నీళ్ల అంచున గుర్రపుడెక్క, గోడ మీద నీటిమట్టం చూపే అంకెలు, ఆ అంకెల మీద ఎండిపోయిన ఒండ్రు చారలు. ఈ ఏటికి ఇక్కడ రెండు దారులున్నాయి. గేట్లు దించి ఉంచితే నీరు పక్కకు మళ్లి డైవర్షన్ ఛానల్లో పడి, ఇబ్రహీంపట్నం వైపు పోయి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. గేట్లు ఎత్తితే తన పాత దారే పట్టి, బెజవాడ ఉత్తరపు కాలనీల మధ్య నుంచి కొల్లేటికి పోతుంది. అంటే లక్షలమంది ఇళ్లలోకి నీళ్లొస్తాయా రావా అన్నది ఈ గేట్ల దగ్గర, ఆ ఛానల్ గట్ల మీద తేలుతుంది. ఏర్పాటు తెలివైనదే, దాన్ని తక్కువ చేయను. కానీ దానికో షరతు ఉంది: కొండల్లో వాన దంచికొట్టిన రోజున కృష్ణ నిండుగా ఉండకూడదు. 2024 ఆగస్టు 31న, సెప్టెంబరు 1న ఆ షరతు నెరవేరలేదు. జిల్లాలో కొన్నిచోట్ల ఒక్కరోజులో ఇరవై సెంటీమీటర్లు దాటిన వాన పడింది. డైవర్షన్ ఛానల్ ఎడమ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. బెజవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట కాలనీలు మునిగాయి. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డును దాటింది. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. బుడమేటి నీళ్లను పంపదలచుకున్న చోటే నది పొంగి ఉంటే ఆ నీళ్లు ఎటు పోతాయి? ఈ ప్రశ్నకు రెగ్యులేటర్ దగ్గర జవాబు లేదు. జవాబు కోసం ఎగువకూ దిగువకూ వెళ్లక తప్పదు.

అలా వెళ్లినకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. కృష్ణా డెల్టాలో కాలువకు మనుషులున్నారు, వాగుకు లేరు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఏది తీసుకున్నా దాని మీద లష్కర్లుంటారు, వంతులుంటాయి, నీటి తీరువా ఉంటుంది, శివారు భూములకు నీరందకపోతే అడిగే రైతులుంటారు. 1997 చట్టం వచ్చాక సాగునీటి వినియోగదారుల సంఘాలు, డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, వాటికి ఎన్నికలు కూడా వచ్చాయి. మెట్ట ప్రాంతాలకు ఇంకో ఏర్పాటుంది. సి.హెచ్. హనుమంతరావు కమిటీ 1994లో చేసిన సిఫారసుల తర్వాత సుమారు 500 హెక్టార్లను ఒక యూనిట్‌గా తీసుకుని వాటర్‌షెడ్ కమిటీలు ఏర్పడ్డాయి. బుడమేరు ఈ రెండింటి మధ్యా జారిపోయింది. పుట్టుక మెట్టలో, చివర డెల్టాలో. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఎగువ భాగం ఎన్టీఆర్ జిల్లాలో, మధ్య భాగం కృష్ణాలో, కొల్లేటి వైపు ఏలూరు జిల్లాలో పడింది. కొండ నుంచి సరస్సు దాకా మొత్తం ఏటిని తనదిగా చూసుకునే ప్రజాసంఘం ఒకటి కావాలి. పరీవాహక సంఘమనండి, బుడమేటి సంఘమనండి, పేరు ఏదైనా ఫరవాలేదు.

ఎగువన ఏముందో చూస్తే అది ఎందుకు కావాలో తెలుస్తుంది. కొండపల్లి అడవి బొమ్మల పుణ్యమా అని పేరు తెచ్చుకుంది. ఆ బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర తేలికగా, మెత్తగా ఉంటుంది. చెక్కితే పొట్టులా లేస్తుంది, వేడి చేసి తేమ తీశాక బరువే అనిపించదు. ఆ చెట్టు తరిగిపోతోందని బొమ్మల కాలనీలో ఎవరిని పలకరించినా చెబుతారు. వాళ్లది జీవనాధారం పోతుందన్న బెంగ. కానీ పొణికి నిలిచిన వాలులోనే వాన నీరు నెమ్మదిస్తుంది, మన్ను నిలుస్తుంది. చెట్టు పోయి, గ్రావెల్ కోసం గుట్ట చెక్కేసిన చోట ఎర్రమన్ను మొదటి వానకే వాగులోకి దిగుతుంది. కొండపల్లి రిజర్వు ఫారెస్టులో తవ్వకాల గొడవ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. అక్కడ దిగిన మన్నే డైవర్షన్ ఛానల్లో పూడికవుతుంది, కొల్లేటిలో మేటవుతుంది. బొమ్మ చెక్కే మనిషికీ సింగ్‌నగర్‌లో కింది అంతస్తులో కాపురముండే మనిషికీ ఉన్న ఈ చుట్టరికాన్ని ఏ రికార్డూ గుర్తించలేదు.

ఇలాంటి సంఘాలు పనిచేస్తాయా అంటే, పనిచేసినవి ఉన్నాయి, మన రాష్ట్రంలోనే ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, కర్నూలు, ప్రకాశం, నల్లగొండ వంటి ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజలాల నిర్వహణ పథకం ఒకటి నడిచింది. ఏపీఫామ్స్ అని పిలిచేవాళ్లు. రైతులే వానను కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి ఏ పంట సరిపోతుందో లెక్కవేసుకున్నారు. ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క గోడ మీద రాసి ఉంటే వరి వేయాలా వేరుశనగ వేయాలా అన్నది రైతు తనే తేల్చుకున్నాడు. 2010లో ప్రపంచ బ్యాంకు భారత భూగర్భజలాల మీద వెలువరించిన నివేదిక ఈ పథకాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. బుడమేటికి ఇంకా దగ్గర పోలిక చండీగఢ్‌ది. అక్కడి సుఖ్నా సరస్సు పూడికతో నిండిపోతుంటే, ఆ మన్ను ఎక్కడిదని వెతుక్కుంటూ వెళ్లిన నేల సంరక్షణ శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా శివాలిక్ కొండల్లోని సుఖోమాజ్రీ దగ్గర ఆగాడు. 1970లలో ఆ ఊళ్లో చిన్న కట్టలు కట్టారు. కట్ట నీళ్లలో భూమి లేనివాళ్లతో సహా ప్రతి ఇంటికీ వాటా ఇచ్చారు. వాటా దొరికాక ఊరివాళ్లే కొండ మీద పశువులను మేపడం మానుకున్నారు. దిగువ నగరానికి కావలసిన పని ఎగువ పల్లెకు లాభంగా మారినప్పుడే జరిగింది.

ఈ సంఘం ఆలోచనకు అభ్యంతరాలున్నాయి, తీసిపారేయదగ్గవి కావు. ఇరవై సెంటీమీటర్ల వానను కందకాలు, చెక్‌డ్యాములు ఆపుతాయా? ఆపవు. నేల నానిపోయాక పడిన ప్రతి చినుకూ పల్లానికే పరుగెత్తుతుంది. ఈ విషయంలో వాటర్‌షెడ్ పనులను నెత్తిన పెట్టుకునేవాళ్లు అతిగా మాట్లాడతారని నా అభిప్రాయం. కానీ పూడిక తగ్గితే ఛానల్ లోతు నిలుస్తుంది, అది చిన్న సంగతేం కాదు. ఇంకా పెద్దది హెచ్చరిక. నీళ్లొస్తున్నాయని ముందుగా తెలియలేదన్నది 2024లో మునిగిన కాలనీల్లో ఎక్కువగా వినిపించిన మాట. కొండల్లో పడిన వాన కాలనీలకు చేరడానికి గంటలు పడుతుంది. ఎగువ ఊళ్లలో వాన కొలిచేవాళ్లు, గట్ల వెంట తిరిగేవాళ్లు, దిగువ వీధుల్లో ఆ కబురు అందుకునేవాళ్లు ఒకే సంఘంలో ఉంటే ఆ గంటలు దక్కుతాయి. కట్టుబట్టలతో మేడెక్కడానికీ, ముసలివాళ్లను, సర్టిఫికెట్లను, కుట్టుమిషన్‌ను పైకి చేర్చుకోవడానికీ మధ్య ఉన్న తేడా ఆ గంటలే.

ఛానల్‌ను వెడల్పు చేస్తే సరిపోదా అన్నది రెండో అభ్యంతరం. వెడల్పు చేయాలి, గట్లు బలపరచాలి, అందులో రెండో మాట లేదు. అయితే ఎంత వెడల్పు చేసినా దాని నోరు కృష్ణలోనే ఉంది. కృష్ణ మట్టం పైకి లేచినప్పుడు వెడల్పు ఛానల్ కూడా వెనక్కి తంతుంది. అలాంటప్పుడు పాత దారే గతి. ఆ దారి ఖాళీగా ఉందా అంటే లేదు. ఎనికేపాడు దగ్గర చూడండి. బుడమేరు అక్కడ సాగు కాలువ అడుగున అండర్ టన్నెల్లో దూరి అవతల తేలుతుంది. పైన కృష్ణ నీళ్లు, కింద కొండ నీళ్లు. ఈ సాగు కాలువలు పుట్టింది 1832-33 గుంటూరు కరువు తర్వాత, నీళ్లు తేవడమే ప్రాణావసరమైన కాలంలో. ఇంజనీరు కాటన్ పట్టుబట్టాడు, కెప్టెన్ ఓర్ 1852 నుంచి 1855 దాకా కృష్ణ మీద ఆనకట్ట కట్టించాడు. ఆ నీళ్లతో జిల్లా అన్నపూర్ణ అయింది. నీళ్లు తెచ్చుకోవడంలో చూపిన శ్రద్ధ వాటిని పంపించడంలో చూపలేదు. మిత్రా కమిటీ డెల్టా మురుగు పారుదల గురించి చెప్పవలసి వచ్చింది 1960లలో, అంటే వందేళ్లు దాటాక.

మూడో అభ్యంతరం మనసును ఎక్కువ ఇబ్బంది పెట్టేది. ఏటి దారి ఖాళీ చేయించడమంటే పేదల ఇళ్లు కూల్చడమే కదా? 2024 వరద తర్వాత ఆక్రమణల తొలగింపుకు ప్రభుత్వం ఆపరేషన్ బుడమేరు ప్రకటించినప్పుడు ఈ భయం వీధివీధినా కనిపించింది. ఆ భయం న్యాయమైనది. మెరకన స్థలం కొనలేకే వాళ్లు పల్లంలో కొన్నారు. వాళ్లకు స్థలాలు అమ్మినవాళ్లు ఇవాళ పల్లంలో లేరు. అందుకే సంఘంలో సభ్యత్వం భూమిని బట్టి ఉండకూడదంటాను. 1997 చట్టంలో ఆయకట్టు రైతుకే ఓటు. బుడమేటి సంఘంలో నీళ్లు ఎవరింట్లోకి వస్తాయో వాళ్లందరికీ, అద్దెకున్నవాళ్లతో సహా, ఓటుండాలి. ఎవరిని ఎక్కడికి మార్చాలి, దేనికి బదులు ఏమివ్వాలి అన్న మాట వాళ్లు కూర్చున్న చోటే తేలాలి.

గన్నవరం దాటాక దారి పొడవునా వరి చేలు, ఆ తర్వాత చేపల చెరువులు. నందివాడ మండలంలో ఏది ఏరో ఏది చెరువో గట్లను చూసి పోల్చుకోవాలి. ఆటపాకలో గూడబాతులు చెట్ల నిండా ఉన్నాయి. చూడవలసిన దృశ్యమే, కానీ నా దృష్టి మాత్రం కట్టల మీదే నిలిచింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్లన్నీ పట్టుకుని కొల్లేరు ఒక్క ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపాలి. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి చెరువుల కట్టల కూల్చివేత, ఇన్ని జరిగాక కూడా సరస్సు ఊపిరి పీల్చుకునే చోటు చాలడం లేదు. ఇక్కడ కట్ట వేసినవాడి వల్ల పైన నీళ్లు నిలుస్తాయి. పైనుంచి వరద దిగితే అతని చెరువు తెగి చేపంతా కొట్టుకుపోతుంది. 2024లో నందివాడ ఊళ్లు కూడా మునిగాయి. నష్టం చేసినవాడూ నష్టపోయినవాడూ ఒక్కడే అయిన ఈ చేపల రైతు, సింగ్‌నగర్ వాళ్ల ఎదుట కూర్చుని రెండు మాటలూ చెప్పి, వాళ్ల మాట వినవలసిన చోటు ఇవాళ మన ఏ చట్టంలోనూ లేదు.