ద్రాక్షతోటలో దీపాలు

నేను మద్యం ముట్టనివాణ్ణి. అయినా ఒక ఛాయాచిత్రం చూసినప్పటినుంచీ ద్రాక్షరైతుల తలపు నన్ను వదలటం లేదు. 2021 ఏప్రిల్, ఫ్రాన్సు. అర్ధరాత్రి తోటనిండా వరుసలుగా దీపాలు! కార్తీకదీపాలనుకునేరు, లేతచివుళ్ళు మంచుకు మాడిపోకుండా మైనపు డబ్బాలలో వెలిగించిన మంటలవి.

చలికాలం వెచ్చబడి తీగ ముందే చిగురిస్తోంది. వెనకపట్టు మంచు మాత్రం రాక మానటం లేదు. బర్గండీలోని బోన్ పట్టణంలో 1354 నుంచీ కోత తేదీల లెక్కలున్నాయి. 1988 తరువాత కోతలు సగటున 13 రోజులు ముందుకు జరిగాయట. ఎండకు పండులో తీపి పెరిగి, పులుపు తగ్గి, వైన్‌లో ఘాటు హెచ్చుతోంది.

ఇంత శ్రమపడి తీస్తే తాగేవారేరీ? 1960లలో ఫ్రెంచివారు తలసరి ఏటా 100 లీటర్లకు పైగా తాగేవారు. ఇప్పుడందులో సగం కూడా లేదు. 2023లో మిగులు వైన్‌ను బట్టీపట్టి, పరిమళద్రవ్యాలకూ చేతులు కడిగే ద్రావణాలకూ పనికివచ్చే ఆల్కహాలుగా మార్చటానికి అక్కడి ప్రభుత్వం 20 కోట్ల యూరోల నిధి ప్రకటించింది. అప్పట్లో బోర్డోలో తోట పెరికితే హెక్టారుకు 6,000 యూరోలు ఇస్తామన్నారు.

మదనపల్లె దారిలో, ధర లేక టమాటాలు పారబోస్తున్న రైతును చూశాను. టమాటానైతే మరుసటి కారుకు మళ్ళీ నాటుకోవచ్చు. ద్రాక్షతీగలు కొన్ని తాతలు నాటినవి. ఆ రాత్రి దీపాలు పెట్టినవారిలో ఎందరు, మూడేళ్ళు తిరక్కుండానే, ఆ తీగలనే తమ చేతులతో పెరికారో!