ఏ బ్యాచ్ నువ్వు?

మంట దగ్గరికి కాస్త జరిగి కూర్చోండి. ధనుర్మాసం చలి, వీపుకి కూడా తగులుతోంది. పుల్లలు ఇంకో నాలుగు వేస్తాను. ఏడాదిగా మనసులో నలుగుతున్న సంగతి ఒకటుంది, మీకు చెప్పుకోవాలి.

పోయిన సంక్రాంతికి మా బావ వచ్చాడు. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని తాంబూలం వేసుకుంటూ, "గుళ్ళని గవర్నమెంటు ఎందుకు నడపాలి బావా?" అని అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "నువ్వు కూడా ఆ బ్యాచ్‌లో చేరిపోయావన్నమాట!" అన్నాను. బావ నా మొహంకేసి చూసి, కాలవ గట్టు దాకా వెళ్ళొస్తానని లేచిపోయాడు. పండగ మూడు రోజులూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వాళ్ళు వెళ్ళేరోజు మా అక్క చెప్పింది. వాళ్ళ ఊరి శివాలయం మాన్యం మీద కౌలు ఎంత వస్తోంది, అందులో ధూపదీపాలకి ఎంత పోతోంది, వయసు మళ్ళిన అర్చకుడికి మిగిలేదెంత అని బావ ఒక కాగితం మీద రాసుకుని తెచ్చాడట. నాకు చూపిద్దామని! ఆ కాగితం జేబులోనే ఉండిపోయింది.

చెప్పుకోవడానికి నా దగ్గరా ఎంత ఉందో! జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ ఏం చూసింది, ఆ సిఫార్సుల మీద 1987లో దేవాదాయ చట్టం ఎలా వచ్చింది, వంశపారంపర్య హక్కులు, మిరాసీలు ఎందుకు రద్దయ్యాయి, ఇవన్నీ చెప్పేవాణ్ణి. గుడి ఆస్తి కొన్ని కుటుంబాల సొత్తు కాకూడదనే నేను ఇప్పటికీ అనుకుంటాను. కానీ రాబడి లేని చిన్న గుడిలో, ఆ హక్కు పోయాక అర్చకుడు ఏం తిని బతకాలి? అది బావ ప్రశ్న. నేను ఎన్నడూ ఆలోచించని ప్రశ్న. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతిని మూడు ముక్కల్లో చంపేశాను.

"ఆ బ్యాచ్" లాంటి మాటలకి ఇప్పుడు కరువా చెప్పండి? సంఘీ, కుహనా లౌకికవాది, అర్బన్ నక్సల్, పచ్చ మీడియా, నీలి మీడియా. రాష్ట్రం విడిపోయే రోజుల్లో "ద్రోహి" అన్న మాట అటూ ఇటూ ఎన్ని ఇళ్ళలో వినబడిందో మీకూ గుర్తుండే ఉంటుంది. పేరు తగిలించాక మనిషి చెప్పేది వినక్కర్లేదు, ఏం చెబుతాడో మనకి ముందే తెలిసిపోయినట్టుంటుంది. అదీ అందులో ఉన్న సుఖం.

ఇది ఈనాటి జబ్బు కాదు. వీరశైవులకి లింగం కట్టనివాడు "భవి". వేదాన్ని ఒప్పుకోని బౌద్ధులూ జైనులూ "నాస్తికులు". ఇక "పాషండుడు" అన్న మాట సంగతి చూడండి. మనకి తెలిసినంతలో అది పచ్చి తిట్టు. కానీ కర్నూలు జిల్లాలో, గుత్తికీ పత్తికొండకీ మధ్య ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాలూ ఉన్నాయి. వాటిలో పన్నెండోది ఈ గొడవ గురించే. అందులో "పాసండ" అంటే తిట్టు కాదు. ఏ మతశాఖ అయినా పాసండమే, ఎవరి సొంత శాఖ అయినా సరే. తన శాఖ మీద ప్రేమకొద్దీ ఎదుటివాడి శాఖని తూలనాడేవాడు తన శాఖకే ఎక్కువ చేటు చేస్తాడనీ, నోరు అదుపులో పెట్టుకోవడమే అన్నిటికీ మూలమనీ, ఒకరి ధర్మం ఒకరు వినాలనీ ఆ శాసనం చెబుతుంది. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దపు సంగతి! తర్వాత ఎన్ని తరాలు ఎన్ని నోళ్ళతో ఉమ్మితే ఆ మామూలు మాట తిట్టుగా మారి ఉంటుందో ఆలోచిస్తే నాకు బాధేస్తుంది.

మన పాత పండితులు వాదానికి దిగినప్పుడు ముందు పూర్వపక్షం చెప్పేవారు. ఎదుటివాడి మాటని ముందు తాము వినిపించి, ఆ తర్వాతే ఖండన. పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యుడు రాసిన సర్వదర్శన సంగ్రహం మొదటి అధ్యాయమే చార్వాకులది. చార్వాకుల సొంత గ్రంథాలు మనకి దాదాపుగా దక్కలేదు. వాళ్ళు ఏమన్నారో ఇవాళ మనకి చాలామటుకు తెలిసింది ఇలా ప్రత్యర్థులు చెప్పబట్టే.

అంతదూరం ఎందుకు, మన గోరాగారు ఉన్నారు కదా, గోపరాజు రామచంద్రరావుగారు. నాస్తికుడన్నందుకు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. ఆయన 1944లో సేవాగ్రామ్ వెళ్ళి గాంధీగారిని కలిశారు. రోజూ ప్రార్థన చేసే గాంధీగారు "నాస్తికుడు" అన్న మాట దగ్గర ఆగిపోలేదు. ఊళ్ళో ఏం పని చేస్తున్నావు, అంటరానితనం పోగొట్టడానికి నీ నాస్తికత్వం ఎలా పనికొస్తోంది, ఇలా అడుగుతూ కూర్చున్నారు. గోరాగారి అమ్మాయికీ ఒక దళిత యువకుడికీ తన ఆశ్రమంలో పెళ్ళి జరిపిస్తానన్నారు. ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం అనడానికీ ఒప్పుకున్నారు. ఆ ముహూర్తం నాటికి ఆయన లేరు. 1948 మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లోనే జరిగింది. గాంధీగారు నాస్తికుడు కాలేదు, గోరాగారు దేవుణ్ణి నమ్మలేదు. ఆ పెళ్ళి తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి.

ఇవాళ పొద్దున మా అక్క ఫోన్ చేసింది, భోగికి వస్తున్నారట. బావని ఒకసారి ఫోన్ దగ్గరికి పిలవమన్నాను. "ఆ మాన్యం కాగితం ఉందా బావా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "ఉంది, ఎందుకు?" అన్నాడు. "తీసుకురా" అన్నాను.