ఠాణా అరుగు

మేం చిన్నప్పుడు అన్నం తినకపోతే మా అమ్మమ్మ దెయ్యం పేరు చెప్పేది కాదు. "ఠాణాకి ఇచ్చేత్తాను" అనేది. ఆ మాటకే ముద్ద మింగేవాళ్లం.

ఆ భయం నాతోపాటే పెరిగింది. బీఎడ్ చదివాను, టీచర్‌నయ్యాను. నాలుగేళ్ల కిందట మా పొలం గట్టు జరిపి, అడిగిన మా నాన్న మీదికి చెయ్యెత్తారు. ఫిర్యాదు రాసి పట్టుకొని ఠాణా దాకా వెళ్లాను. అరుగు మెట్ల దగ్గర కాళ్లు ఆగిపోయాయి. కాగితం మడిచి వెనక్కి వచ్చేశాను.

మొన్న ఆగస్టులో ఎనిమిదో తరగతి పిల్లల్ని రాజవొమ్మంగి తీసుకెళ్లాను. పాత ఠాణా చూపించాలని. ముందుగా వాళ్లకు ఆ కట్టడం సంగతి చెప్పాను. మద్రాసు పోలీసు చట్టం వచ్చింది 1859లో. తరవాత మన్యంలోకీ ఠాణాలు వచ్చాయి. మందపాటి గోడలు, ముందు అరుగు, ఒక పక్క ఊచల గది, ఇంకో పక్క తుపాకుల గది. ఆ కాలం ఠాణాలకు ఇవి తప్పనిసరి. రాయీ కలపా ఈ కొండలవే. 1882 అటవీ చట్టం వచ్చాక అదే కలప మనం కొడితే నేరం. కల్లు మీద పన్ను, ముఠాదారుల మీద పెత్తనం, పోలీసుల వసూళ్లు భరించలేకే 1879లో రంప ఫితూరీ లేచింది. అప్పుడూ మనవాళ్ల కోపం ముందు ఠాణాల మీదికే వెళ్లింది.

1922లో ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు. అల్లూరి సీతారామరాజుతోపాటు గాం గంటందొర, గాం మల్లుదొర, పేర్లు ఎక్కడా రాయని మనవాళ్లు ఎందరో కొండలెక్కి దిగి నడిచారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు తెచ్చారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. తీసుకున్న ఆయుధాల లెక్క రాసి రాజు సంతకం పెట్టాడని పెద్దలు చెబుతారు.

ఇదంతా విన్న ఒక పిల్ల అరుగు కిందే నిలబడిపోయింది. "టీచర్, మా అయ్య లోపలికెళ్లొద్దన్నాడు" అంది. నాకు నా మడిచిన కాగితం గుర్తొచ్చింది. తెల్లదొరలు పోయి ఇన్నేళ్లయినా ఆ గోడలు చేసే పని ఇంకా చేస్తూనే ఉన్నాయి. పిల్ల చెయ్యి పట్టుకొని మెట్లెక్కాను. నిజానికి ఆ పిల్లే నన్ను ఎక్కించింది.

అక్కడున్న కానిస్టేబులు "కూర్చోండి మేడమ్" అని కుర్చీ జరిపాడు. పిల్లలు ఊచలు పట్టుకొని చూశారు. ఒకడు గోడ మందం జానలతో కొలిచాడు.

సాయంత్రం అమ్మమ్మకు చెప్పాను.

"నోపలికెళ్లావా?"

"వెళ్లాను."

"కూకోమన్నారా?"

"కుర్చీ వేశారు."

చాలాసేపు మాట్లాడలేదు. ఆమె తండ్రి నర్సీపట్నం నుంచి చింతపల్లి వేసిన రోడ్డుకు రాళ్లు మోసినవాడు. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్లచేత వెట్టి చేయించిన రోడ్డది. "మా అయ్యని పిలిసినప్పుడల్లా అరుగు కింద గొంతుక్కూకునీవోడే అమ్మీ" అంది.

ట్రంకుపెట్టె తీసి చూశాను. ఫిర్యాదు కాగితం మడతల దగ్గర చిరిగింది. మళ్లీ రాశాను. సోమవారం నాన్నను తీసుకొని వెళ్తున్నాను. అమ్మమ్మ కూడా వస్తానంటోంది.