లోపలి కవర్ మహిమ

వానలో మోటార్‌ సైకిల్ నడపడం ఇంత హాయిగా ఉంటుందా! ఇన్నేళ్లూ ఈ మాట నా చెవిన ఎవరూ వేయలేదేం? ముసురు తెరిపివ్వని రోజున జహీరాబాద్ నుంచి న్యాల్‌కల్ మీదుగా మంజీర దాకా వెళ్లొచ్చాను. లోపలి చొక్కా తడవలేదు. బండికి కట్టిన సంచిలోని కెమెరా, కాగితాలు, మార్చుకోవడానికి తెచ్చుకున్న బట్టలు ఇస్త్రీ మడత నలగకుండా, పొడిపొడిగా బయటికొచ్చాయి. ఆ సంతోషంలో రాస్తున్నాను. కాస్త ఎక్కువగా పొగిడినట్టు అనిపిస్తే అనిపించనీయండి, ఆ దారికీ ఆ వానకూ ఆ పొగడ్త చెల్లుతుంది.

65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నంతసేపూ లారీలు ఎగజిమ్మే తుంపరే తప్ప వాన కనిపించదు. న్యాల్‌కల్ వైపు మళ్లాక కనిపిస్తుంది, అదీ నాలుగు దిక్కులా. సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తున్న పీఠభూమి ఇది. చూపుకి అడ్డం ఉండదు. ఎక్కడో బీదర్ మీద దిగుతున్న మబ్బు తెర ఇక్కడికి రావడం, కంది చేల మీదుగా నడిచి మన హెల్మెట్ అద్దాన్ని తాకడం అన్నీ చూస్తాం. మెరక మీద ఎర్రనేల, పల్లంలో నల్లరేగడి. తడిసినప్పుడు ఆ ఎరుపు ఎంత ఎరుపో, ఆ నలుపు ఎంత నలుపో ఎండాకాలంలో వచ్చినవాళ్లకు తెలియదు. ఊళ్లలో ఒకే అరుగు మీద తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ వినిపిస్తాయి. కర్ణాటక సరిహద్దు అంత దగ్గర.

నైరుతి మబ్బు పడమటి కనుమలు దాటేలోపే చాలా నీళ్లు కొంకణంలో దించేసి వస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టినప్పుడు మాత్రం ఇక్కడ రోజుల తరబడి ముసురు. కుండపోతకైతే చెట్టు కిందో బస్ షెల్టర్‌లోనో ఆగిపోతాం. ముసురుకి ఆగలేం, అది తగ్గదు. నడుపుతూ పోవాల్సిందే. మనం వేసుకున్నదాని అసలు సత్తా బయటపడేదీ ముసురులోనే. అరగంట వానను ఏ రెయిన్‌కోటైనా ఆపుతుంది. పూటంతా ఒకే చోట పడుతూ, నానుతూ, కుట్టు కుట్టునూ వెతుక్కుంటూ వచ్చే నీటిని ఆపడమే విద్య.

ఆ విద్య నాకు హద్నూర్ దాటాక రోడ్డు పక్కన ఒక పెద్దాయన చేతుల్లో కనిపించింది. మేకలు తోలుకొస్తున్నాడు. నెత్తి మీద యూరియా సంచి కొప్పెర. సంచి అడుగున ఒక మూలను రెండో మూలలోకి నెట్టి తలకు తగిలించుకుంటే వీపంతా కప్పేస్తుంది. దాన్ని మీరూ చూసే ఉంటారు. నేను చూసి నిలబడిపోయింది దానికి కాదు. ఆయన రొండిన ఒక చిన్న పొట్లం ఉంది. విప్పాడు. అది యూరియా సంచి లోపలి పల్చటి ప్లాస్టిక్ కవర్ ముక్క. అందులో బీడీ కట్ట, అగ్గిపెట్టె, ఫోను. ఒంటి మీద పంచె నీళ్లు కారుతోంది. అగ్గిపుల్ల మాత్రం గీసిన మొదటిసారే అంటుకుంది.

“పై సంచి వానకాగది బిడ్డా. నేసిందాయె, సందులుంటయి. లోపలి కవరే ఆపుతది” అన్నాడు. “అయితే పై సంచి ఎందుకు పెద్దయ్యా?” అంటే, “లోపలిది సినిగిపోకుండ” అన్నాడు. బీడీ ముట్టించుకుని, పొట్లంలోని గాలి అరచేత్తో నొక్కి తీసేసి, నోటిని మూడు మడతలు చుట్టి, మళ్లీ రొండిన దోపుకుని మేకల వెంట వెళ్లిపోయాడు.

నా సంచిలో నేను చేసినదీ అదే, పుస్తకాల్లో చదివి నేర్చుకుని. ఆయన అంత సులువుగా చేస్తుంటే ఒళ్లు పులకరించింది! పై సంచి పని మోయడం, రాపిడికి ఓర్చుకోవడం, పట్టీలు బిగించడానికి ఆసరా ఇవ్వడం. నీళ్లను ఆపే పని లోపలి కవర్‌ది. దానికి కుట్లు లేవు, జిప్పులు లేవు. ఉన్నదల్లా ఒక్క నోరు. దాన్ని చుట్టేస్తే నీటికి ఇక దారి లేదు. యూరియాకు చెమ్మ పీల్చే గుణం ఉంది, గాలిలో తేమ తగిలినా గడ్డ కడుతుంది. అందుకే ఆ సంచుల్లో లోపల కవర్ వేయడం వచ్చింది. ఎరువు కోసం పుట్టిన ఏర్పాటే బండి మీద నా కెమెరాను కాపాడింది. వేలు పోసి కొనే డ్రై బ్యాగ్‌లోనూ సూత్రం ఇదే: కుట్టు బదులు వేడితో అతికిన అంచులు, నోరు కనీసం మూడుసార్లు చుట్టి బకిల్ వేయడం.

సూది దిగిన ప్రతిచోటా వాటర్‌ప్రూఫ్ గుడ్డకు ఒక చిల్లు పడినట్టే. చార్లెస్ మాకింతోష్ 1823లో రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి వాన కోటుకు పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ ఈ గొడవ ఉంది. మన దేశంలో సురేంద్ర మోహన్ బోస్ 1920లో కలకత్తాలో బెంగాల్ వాటర్‌ప్రూఫ్ పెట్టి డక్‌బ్యాక్ కోట్లు తెచ్చారు. అవి నీళ్లను బాగా ఆపుతాయి. చెమటనూ అంత బాగానే ఆపుతాయి, లోపల ఉడికిపోతాం. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్క ఊపున సాగదీసి, నీటి చుక్క దూరలేని, ఆవిరి మాత్రం దాటిపోయే సన్నని రంధ్రాల పొర తీశాక ఆ చిక్కు చాలావరకు తీరింది. ఇప్పుడు మంచి రెయిన్ సూట్ లోపలి వైపు తిప్పి చూడండి. ప్రతి కుట్టు మీదా వేడితో అతికించిన సన్నటి టేపు కనిపిస్తుంది. కొనేముందు చూడాల్సింది అదే. చీటీ మీద 10,000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే, ఆ గుడ్డ పది మీటర్ల నీటి స్తంభం ఒత్తిడికి ఓర్చిందని అర్థం. కుట్టు మీద టేపు లేకపోతే మాత్రం ఆ అంకె అక్కరకు రాదు. నా సూట్ మీద చుక్కలు చామాకు మీద నీళ్లలా దొర్లిపోతుంటే, రోడ్డు మీద చూపు నిలపడం కష్టమైంది!

వేసుకునే తీరూ అంతే ముఖ్యం. ప్యాంటు అంచు గమ్ బూటు మీదికి రావాలి, లోపలికి దోపకూడదు. చేతి తొడుగు మీదుగా జాకెట్ చెయ్యి రావాలి. కూర్చున్నప్పుడు ఒళ్లో నీళ్లు నిలుస్తాయి, చాలా సూట్లు అక్కడే కారతాయి, ఆ కుట్టును ముందు పరీక్షించాలి. మెడ దగ్గర పొడి తువ్వాలు ఒకటి చుట్టుకుంటే జారిన చుక్కను అది పీల్చుకుంటుంది. లోపల జీన్స్ వద్దే వద్దు. తడిసిన నూలు ఆరదు, అరవై వేగంలో ఈ పీఠభూమి గాలికి జూలైలోనూ పళ్లు కొట్టుకుంటాయి. ఉన్ని వేరు. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా అది ఒంటికి చల్లగా తగలదు. ఈ నేల మీది గొర్రెల కాపర్లకు ఈ సంగతి ఏనాడో తెలుసు. దక్కనీ నల్ల గొర్రె బొచ్చుతో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి కొప్పెర మీద వాన జారిపోతుంది, లోపల వెచ్చదనం నిలుస్తుంది. ఇంత గొప్ప వస్త్రం మన కళ్లెదుట ఉంది! ఇన్నాళ్లూ దాన్ని గోడకు వేలాడే ముచ్చటగానే చూశామే అనిపించింది.

ఇక నడపడం. వాన మొదలైన కాసేపే రోడ్డు ప్రమాదకరం. దుమ్ము, ఆయిల్ నీటితో కలిసి జిగట అవుతాయి. గట్టిగా కురిసి కడిగాక పట్టు తిరిగి వస్తుంది. రెండు బ్రేకులూ మెల్లగా, ముందుగా నొక్కాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది, అది ఉన్నా అరిగిన టైరును ఆదుకోలేదు. రైలు పట్టాలను అడ్డంగా, నిటారుగా దాటాలి. తెల్ల గీతల మీద బండి వంచకూడదు. ట్రాక్టర్ చేలోంచి రోడ్డెక్కిన చోట రేగడి ముద్దలుంటాయి, దూరం నుంచే చూసుకోవాలి.

రేగడి అన్నాను కదా, దాన్ని దగ్గరగా చూశాను. పంచవటి క్షేత్రం ఉన్న రాఘవాపూర్ వైపు తారు వదిలి ఒక బండిబాట అంచున ఆగి, ముందు చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పాను. టైరుకు వేలి మందం మట్టి. ఇంకో చుట్టుకు రెండు వేళ్లు. ఆ పైన మడ్‌గార్డ్ నిండి చక్రం బిగుసుకుపోయింది. ఎంత రేసు ఇచ్చినా అక్కడ బండి కదలదు. పుల్లతో గీకుతుంటే ముక్కలుగా కాదు, పట్టీలు పట్టీలుగా ఊడి వచ్చింది. పత్తిని, కందిని బతికించే నీటిని నెలల తరబడి పట్టి ఉంచే మట్టి మరి, చక్రాన్ని వదులుతుందా! ఆ నేల మీద గౌరవం పెరిగింది.

మంజీర గోధుమరంగులో, నిండుగా పారుతోంది. ఈ చుట్టుపక్కలే అది కర్ణాటక నుంచి తెలంగాణలోకి అడుగుపెడుతుంది. ఒడ్డున సంచి నోరు విప్పి మడత నలగని చొక్కా తొడుక్కున్నప్పటి సుఖం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

బండి ఉండీ వానాకాలమంతా దాన్ని మూలన నిలబెట్టే మిత్రులకు నాదొక విన్నపం. ఈ మిరుగు కార్తెకు ముందే మీ రెయిన్ సూట్‌ను లోపలి వైపు తిప్పి కుట్ల మీద టేపు చూడండి. దుకాణంలో మందపాటి పెద్ద పాలిథిన్ కవర్లు రెండు కొని సంచిలో వేయండి. టైర్లు అరిగి ఉంటే మార్పించండి. తిరిగొచ్చాక చైన్‌కు ఆయిల్ పట్టించడం మరవకండి, వాన దాన్ని కడిగేసి ఉంటుంది. ముసురు పట్టగానే న్యాల్‌కల్ దారి పట్టండి. తారు మాత్రం వదలకండి.